పిల్లల కోసం డాక్టర్ దగ్గరికి ఎప్పుడు? ఆగడమా, గైనకాలజిస్టా, ఫెర్టిలిటీ సెంటరా

పెళ్లై ఏడాది తిరిగేసరికి మన ఇళ్లలో సలహాలు మొదలవుతాయి. "విశేషమేమైనా ఉందా?" అని అడిగిన పెద్దవాళ్లే, లేదంటే "ఇప్పుడేం మునిగిపోయింది, దేవుడు ఇచ్చినప్పుడే ఇస్తాడు" అంటారు. బయటికొస్తే హైదరాబాద్‌లో ఏ పెద్ద రోడ్డు మీద చూసినా ఫెర్టిలిటీ సెంటర్ల హోర్డింగులు: ఉచిత కన్సల్టేషన్, వాయిదాల్లో ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపి, పిండాన్ని గర్భసంచిలో పెట్టే పద్ధతి), పక్కన బోసినవ్వుల పాపాయి. ఒకరు ఆగమంటారు, ఒకరు ఇవాళే రమ్మంటారు. మీ వయసెంత, నెలసరి ఎలా వస్తోంది, మీవారికి టెస్ట్ చేయించారా అని మాత్రం ఎవరూ అడగరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారణం తెలుసుకోవడానికి చాలామంది ఆలస్యంగా వెళ్తున్నారు. వెళ్లాక ట్రీట్‌మెంట్‌కి మాత్రం మరీ తొందరగా తలూపుతున్నారు. ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు. ఫెర్టిలిటీ స్పెషలిస్టుని కలిసినంత మాత్రాన ఐవీఎఫ్ చేయించుకోవాలని రూలేమీ లేదు. అలా వెళ్లిన చాలామందికి మాత్రలతోనో, థైరాయిడ్ సరిచేయడంతోనో పని అయిపోతుంది.

## ముందు చూసుకోవాల్సిన లెక్కలు

భార్య వయసు. వినడానికి చేదుగా ఉన్నా మొదటి లెక్క ఇదే. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన అండాలన్నిటితో పుడుతుంది, ఆ తర్వాత కొత్తవి తయారు కావు. ఆరోగ్యంగా ఉన్న ముప్ఫై ఏళ్ల మనిషికి ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం సుమారు 20 శాతం. నలభైకి వచ్చేసరికి అది 5 శాతం లోపే. అందుకే డాక్టర్లు పాటించే గడువులు ఇలా ఉంటాయి: 35 లోపైతే 12 నెలలు ప్రయత్నించి రండి, 35 దాటితే 6 నెలలు, 40 దాటితే ఆగకుండా వెంటనే.

ఆ 20 శాతం అన్న మాటని ఇంకోలా చూడండి. ఏ లోపమూ లేని జంటకి కూడా ఐదు నెలల్లో నాలుగు నెలలు పీరియడ్స్ వచ్చేస్తాయన్నమాట. మూడో నెలకే ఏడుపులు, గూగుల్ వెతుకులాటలు అనవసరం. ఏడాదిపాటు ప్రయత్నిస్తే నూటికి దాదాపు 85 జంటలకి గర్భం వస్తుంది. మిగతా 15 జంటలూ ఆ ఏడాది గడిచాక ఊరికే ఇంకో ఏడాది ఆగకూడదనే ఈ గడువులు.

నిజంగా ఎన్ని నెలలు ప్రయత్నించారు? మన ఊళ్లో ఈ ప్రశ్న అడిగి తీరాలి. భర్త బెంగళూరులో, భార్య గచ్చిబౌలిలో ఉండి నెలకి రెండు వీకెండ్లు కలిసే జంటలున్నారు. ఒకరికి యూఎస్ షిఫ్ట్, ఇంకొకరికి పగటి డ్యూటీ ఉన్నవాళ్లూ ఉన్నారు. "రెండేళ్లయింది డాక్టర్" అంటారు కానీ, అండం విడుదలయ్యే రోజుల్లో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్న నెలలు లెక్కేస్తే ఏడో ఎనిమిదో తేలుతాయి. అండం విడుదలయ్యేది సాధారణంగా తర్వాతి నెలసరికి రెండు వారాల ముందు. ఆ రోజూ, దానికి ముందు ఐదు రోజులూ అసలు సమయం. వీర్యకణాలు ఆడవాళ్ల శరీరంలో ఐదు రోజుల దాకా బతికుంటాయి, అండం మాత్రం విడుదలయ్యాక ఒక్కరోజుకి మించి ఉండదు. రోజు రోజుకీ టెస్ట్ కిట్లు పెట్టుకుని టెన్షన్ పడే బదులు, నెలసరి రక్తస్రావం ఆగినప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు. వీకెండ్ జంటలైతే గడువు లెక్కని కలిసున్న నెలలతోనే వేసుకోండి. 35 దాటితే మాత్రం ఈ సడలింపు తీసుకోవద్దు.

ముందే కనిపించే గుర్తులు. కొన్ని ఉంటే గడువుల మాటే లేదు, మొదటి నెలలోనే డాక్టర్‌ని కలవాలి. 21 రోజులకన్నా తొందరగానో, 35 రోజులు దాటాకో వచ్చే నెలసరి. అసలు నెలల తరబడి రాకపోవడం. నెలసరిలో లేవలేనంత నొప్పి, స్కాన్‌లో చాక్లెట్ సిస్ట్ (అండాశయంలో పాత రక్తం చేరిన గడ్డ) అని రాసి ఉండటం. గతంలో ట్యూబుల్లో (అండాన్ని గర్భసంచికి చేర్చే గొట్టాల్లో) గర్భం, అపెండిక్స్ పగిలి పెద్ద ఆపరేషన్, కడుపులో ఇన్ఫెక్షన్. రెండుసార్లు గర్భం నిలవకుండా పోవడం. మన దేశంలో ఇంకోటి కూడా చెప్పుకోవాలి: క్షయ. టీబీ అంటే ఊపిరితిత్తులదే అనుకుంటాం కానీ, గర్భసంచికీ ట్యూబులకీ వచ్చే టీబీ దగ్గు, జ్వరం లేకుండానే ట్యూబుల్ని మూసేయగలదు. చిన్నప్పుడు టీబీ మందులు వాడి ఉంటే ఆ మాట దాచకండి.

భర్త. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుంది. ఒక్కోసారి అదొక్కటే కారణం. అయినా మన ఇళ్లలో భార్యకి స్కాన్లు, హార్మోన్ టెస్టులు, ట్యూబ్ టెస్ట్ అన్నీ అయిపోయాక, ఏడాదికి, అదీ బతిమాలితే, భర్త ల్యాబ్ మెట్లెక్కుతాడు. ఇది తిరగేయాలి. ఉన్నవాటిలో చౌకైన, నొప్పిలేని, ఒక్క పూటలో అయ్యే టెస్ట్ సెమెన్ ఎనాలిసిస్, అంటే వీర్య పరీక్ష. చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగక ఆపరేషన్ అయిందా, యుక్తవయసులో గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచాయా, వెరికోసీల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) ఉందా, కీమోథెరపీ తీసుకున్నాడా? వీటిలో ఏది ఉన్నా మొదటి రోజే టెస్ట్ చేయించాలి. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా: మగతనం పెరుగుతుందని వేసుకునే ఆ ఇంజెక్షనే వీర్యకణాల ఉత్పత్తిని ఆపేస్తుంది. డాక్టర్‌తో మాట్లాడి మానేయండి. మళ్లీ మొదలవడానికి నెలలు పడుతుంది.

## ఏ పరిస్థితిలో ఎవరి దగ్గరికి

| మీ పరిస్థితి | మొదట ఎవరు | ఎప్పుడు |
|---|---|---|
| 35 లోపు, నెలసరి సరిగ్గా వస్తోంది, ఏ ఇబ్బందీ లేదు | ఎవరూ అక్కర్లేదు. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి | 12 నెలలు నిండాక గైనకాలజిస్ట్ |
| 35 లోపు, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాకపోవడం) లేదా నెలసరి తప్పుతోంది | గైనకాలజిస్ట్ | ఇప్పుడే |
| 35 నుంచి 39 | గైనకాలజిస్ట్ లేదా నేరుగా స్పెషలిస్ట్ | 6 నెలలకి |
| 40, ఆపైన | స్పెషలిస్ట్ | ఇప్పుడే |
| ట్యూబుల సమస్య, చాక్లెట్ సిస్ట్, రెండుసార్లు గర్భం నిలవకపోవడం | స్పెషలిస్ట్ | ఇప్పుడే |
| వీర్యకణాలు బాగా తక్కువ లేదా అసలు లేవు | ఆండ్రాలజిస్ట్ (మగవాళ్ల సంతాన సమస్యల డాక్టర్), స్పెషలిస్ట్ ఇద్దరూ | రెండో రిపోర్ట్ రాగానే |
| మొదటి బిడ్డ ఉంది, రెండోది రావడం లేదు | పై వరసల్లో మీ వయసు చూసుకోండి | అదే గడువు |

చివరి వరస గురించి ఒక మాట. "ఒకరు పుట్టారు కదా, మీకేం సమస్య ఉంటుంది" అని డాక్టర్ దగ్గరికి వెళ్లనివ్వకుండా ఆపే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. మొదటి కాన్పు అయినప్పుడు 29, ఇప్పుడు 36 అయితే లెక్క మొత్తం మారిపోయినట్టే. మధ్యలో సిజేరియన్ అయి ఉండొచ్చు, థైరాయిడ్ వచ్చి ఉండొచ్చు, భర్తకి షుగర్ మొదలై ఉండొచ్చు.

## దారి 1: ఇంట్లోనే ఆగడం

చిన్న వయసు, 28 నుంచి 32 రోజులకి క్రమంగా వచ్చే నెలసరి, ఏ ఆపరేషన్లూ లేని జంటకి ఇదే మంచి దారి. ఖర్చు లేదు, సెలవులు పోవు, మంచాన్ని క్యాలెండర్‌కి కట్టేయాల్సిన పని లేదు. ఒక్క షరతు: ఆగడానికి ఒక తేదీ ఉండాలి. "చూద్దాంలే" అనేది తేదీ కాదు. ఫోన్ క్యాలెండర్‌లో ఆ రోజు ఇద్దరూ రాసుకోండి.

ఆగే కాలంలో చేయాల్సినవి కొన్నే. రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, గర్భం రాకముందు నుంచే. సిగరెట్, గుట్కా ఇద్దరూ మానేయడం. బరువు ఎక్కువగా ఉండి నెలసరి తప్పుతుంటే ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల మళ్లీ గాడిలో పడుతుంది. 80 కిలోల మనిషి 40కి దిగాల్సిన పని లేదు, నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే చాలు.

ఆయుర్వేదం, హోమియో, యునాని మందులు కూడా చాలామంది ఈ దశలోనే మొదలుపెడతారు. నమ్మకం మీ ఇష్టం. నా అభ్యంతరం కాలం విషయంలోనే. ఆరు నెలల కోర్సు, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు అని 37 ఏళ్ల మనిషి ఏడాదిన్నర పోగొట్టుకుంటే అది తిరిగిరాదు. ఏ మందు వాడినా టెస్టులు ముందు చేయించండి. ట్యూబులు మూసుకుపోయాయో, వీర్యంలో కణాలే లేవో తెలియకుండా ఏ పొడి వాడినా చీకట్లో తడుముకోవడమే.

## దారి 2: మీకు తెలిసిన గైనకాలజిస్ట్

చాలామందికి మొదటి మెట్టు ఇదే కావాలి. ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, ఒక్కోసారి మీ అక్క కాన్పు చేసిన డాక్టరే. మొదటి విడత టెస్టులన్నీ ఇక్కడే అయిపోతాయి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ప్రోలాక్టిన్ (పాల హార్మోన్), షుగర్, నెలసరి రెండో మూడో రోజు హార్మోన్లు, లోపలి నుంచి చేసే స్కాన్, భర్తకి సెమెన్ ఎనాలిసిస్, అవసరమైతే ట్యూబ్ టెస్ట్.

సెమెన్ టెస్ట్ గురించి కాస్త వివరంగా, ఎందుకంటే తప్పులు జరిగేది అక్కడే. శాంపిల్ ఇచ్చేముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండాలి. ల్యాబ్‌లో చిన్న గది ఇస్తారు. బయట కుర్చీల్లో జనం ఉంటే ఇబ్బందిగా ఉంటుందని కొందరు ఇంటి నుంచి తెస్తామంటారు. తేవచ్చు, కానీ గంటలోపు, ఒంటి వేడికి దగ్గరగా, చొక్కా లోపల పెట్టుకుని తేవాలి. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా పొద్దున తొమ్మిదింటికి కారులో ఆ గంటని నమ్ముకోవద్దు. ల్యాబ్ పక్క వీధిలో ఇల్లుంటే సరే, లేకపోతే అక్కడే ఇవ్వండి. మొదటి చుక్కలు కింద పోతే ఆ మాట కౌంటర్‌లో చెప్పండి, ఎక్కువ కణాలు ఉండేది వాటిలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల ప్రకారం మిల్లీలీటరుకి కోటీ 60 లక్షలు కింది హద్దు. అంతకన్నా తక్కువొస్తే ఒక్క రిపోర్ట్‌తో కుంగిపోవద్దు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. కాబట్టి రెండు నెలల కింద వచ్చిన డెంగీ జ్వరం కూడా ఇవాళ్టి రిపోర్ట్‌ని దెబ్బతీస్తుంది. మళ్లీ చేయించి చూడాలి.

ఇక ట్యూబ్ టెస్ట్, హెచ్‌ఎస్‌జీ అంటారు. ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే ఇది. నెలసరి రక్తస్రావం ఆగాక, అండం విడుదలయ్యేలోపు చేస్తారు. నెలసరి నొప్పిలాంటిదే, కొందరికి గట్టిగా వస్తుంది. నొప్పి మాత్ర ముందే వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి, ఆ పూట ఆఫీసుకి లాగిన్ అవ్వాలని ప్లాన్ చేసుకోకండి.

కార్పొరేట్ హెల్త్ ప్యాకేజీల పుణ్యమా అని ఏఎంహెచ్ టెస్ట్ (అండాల నిల్వని సూచించే రక్తపరీక్ష) ఈమధ్య అందరి చేతుల్లోకి వచ్చింది. అంకె తక్కువ రాగానే "నాకిక పిల్లలు పుట్టరు" అని గోల. ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు రావచ్చో అది చెప్తుంది. మీకు మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది దాన్ని బట్టి తేల్చలేరు. ఆ ఒక్క కాగితం పట్టుకుని ఎవరైనా ఐవీఎఫ్ అంటే ఒప్పుకోకండి.

గైనకాలజిస్ట్ దగ్గర చిక్కు ఎక్కడొస్తుందంటే, పని అవ్వకపోయినా అక్కడే ఉండిపోవడంలో. అండం విడుదలకి లెట్రోజోల్ మాత్రలు, అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లు, మళ్లీ మాత్రలు. స్కాన్ కోసం రోజు విడిచి రోజు పొద్దున్నే క్యూలో కూర్చుని ఆఫీసుకి పరిగెత్తడం. అండం సరిగ్గా విడుదలవుతూ ఆరు నెలలు దాటినా గర్భం రాకపోతే, ఈ దారి అయిపోయినట్టే. 35 దాటినవాళ్లకి మూడు నెలలే ఎక్కువ. ట్యూబులు రెండూ మూసుకుపోయాయని తేలినా, సెమెన్ రిపోర్ట్ రెండుసార్లు బాగా తక్కువొచ్చినా ఒక్క నెల కూడా ఆగక్కర్లేదు. మంచి డాక్టర్లు తామే పంపిస్తారు. పంపకపోతే మీరే అడగండి, ఆవిడేమీ అనుకోరు.

## దారి 3: ఫెర్టిలిటీ స్పెషలిస్ట్

ఇక్కడ మీరు కొనేది ముఖ్యంగా రెండు: అనుభవం, ల్యాబ్. ఐయూఐ (వీర్యాన్ని శుద్ధి చేసి గర్భసంచిలోకి పంపడం), ఐవీఎఫ్, వీర్యకణాన్ని నేరుగా అండంలోకి పంపే ఇక్సీ, ఇవన్నీ జరిగేది ఇక్కడే. ఖర్చు ఐయూఐకి వేలల్లో, ఐవీఎఫ్‌కి లక్షల్లో. ప్యాకేజీలో చెప్పే ధరలో ఇంజెక్షన్లు, పిండాల ఫ్రీజింగ్, రెండోసారి ట్రాన్స్‌ఫర్ చాలాసార్లు ఉండవు. హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీల్లో ఎక్కువ శాతం దీన్ని కవర్ చేయవు. కొన్ని పెద్ద కంపెనీలు గ్రూప్ పాలసీలో పెడుతున్నాయి, హెచ్‌ఆర్‌ని అడగడంలో నష్టం లేదు.

బోర్డు మీద 'ఫెర్టిలిటీ' అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (కృత్రిమ గర్భధారణ పద్ధతుల) చట్టం ప్రకారం ప్రతి క్లినిక్ రిజిస్టర్ అవ్వాలి. లెవల్ 1 క్లినిక్ ఐయూఐ వరకే చేయాలి. అండాలు తీయడం, ఐవీఎఫ్ చేయడం లెవల్ 2కే కుదురుతుంది. భార్యకి 50, భర్తకి 55 దాటితే చట్టం ఒప్పుకోదు. డబ్బుకి సరోగసీ (వేరే స్త్రీ గర్భంలో బిడ్డని మోయించడం) నేరం, పుట్టబోయేది ఆడో మగో ఎంచుకోవడం నేరం. ఎవరైనా "మేం చూసుకుంటాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సెంటర్ మీద కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది: సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని చేతికిచ్చిన పసివాడు ఆ దంపతుల బిడ్డ కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

నేరుగా ఇక్కడికే రావడం ఎవరికి మేలు? 38 దాటినవాళ్లకి, ట్యూబుల సమస్య ఉన్నవాళ్లకి, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ మొదలుపెట్టబోయేవాళ్లకి. ఈ చివరివాళ్లు కీమోకి ముందే రావాలి, అండాలో వీర్యమో దాచుకోవడానికి. ఎవరికి తొందర? 27 ఏళ్లుండి ఐదు నెలలుగా ప్రయత్నిస్తున్న జంటకి. అత్తగారి టెన్షన్‌కి మందు ఐవీఎఫ్‌లో లేదు.

## డబ్బు దగ్గర ఆగిపోతే

ప్రభుత్వ ఆసుపత్రిని లెక్కలోంచి తీసేయకండి. పేట్లబుర్జు, కోఠి ప్రసూతి ఆసుపత్రుల గైనిక్ ఓపీలో మొదటి విడత పరీక్షలు నడుస్తాయి. గాంధీ ఆసుపత్రిలో 2023లో ఐవీఎఫ్ సెంటర్ ప్రారంభించారు. మెట్రో స్టేషన్ కూడా ఆసుపత్రి పేరుతోనే ఉంది. వెళ్లేముందు ఏ రోజుల్లో ఓపీ, ప్రస్తుతం ఏవేవి చేస్తున్నారు కనుక్కోండి. పొద్దున్నే ఓపీ చీటీ, పొడుగు క్యూ, ఒక్కోసారి టెస్ట్‌కి ఇంకో రోజు రమ్మనడం ఉంటాయి. అంటే డబ్బు మిగిలి టైం ఖర్చవుతుంది. 29 ఏళ్ల మనిషికి ఇది లాభమైన బేరం. 41 ఏళ్లకి కాకపోవచ్చు. మధ్యేమార్గంగా టెస్టులన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో పూర్తి చేసుకుని, ఆ రిపోర్టులతో బయట ఒక స్పెషలిస్ట్ అభిప్రాయం తీసుకునేవాళ్లూ ఉన్నారు. తెలివైన పద్ధతి.

## మొదటిసారి వెళ్లినప్పుడు

ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆర్నెల్ల పీరియడ్ తేదీలు, పాత స్కాన్లు, ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మాత్రల చీటీలు తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకోండి. గతంలో పోయిన గర్భాల గురించి, పెళ్లికి ముందువైనా సరే, డాక్టర్‌కి చెప్పాలి. అత్తగారి ముందు చెప్పలేకపోతే ఆవిడని బయట కూర్చోమని నర్స్‌కి ముందే చెప్పొచ్చు. ఇలాంటివి వాళ్లకి అలవాటే.

డాక్టర్ ట్రీట్‌మెంట్ చెప్పాక అడగాల్సినవి: మా కారణం ఏంటి, ఇంతకన్నా చిన్న ట్రీట్‌మెంట్‌తో ఎందుకు కుదరదు, మా వయసులో మీ దగ్గర బిడ్డని ఇంటికి తీసుకెళ్లినవాళ్లు ఎందరు? ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చినవాళ్ల లెక్క కాదు, బిడ్డ పుట్టినవాళ్ల లెక్క అడగండి. మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. "ఈ ప్యాకేజీ ధర ఇవాళ్టి వరకే" అంటే, ఇంకో డాక్టర్‌కి చూపించి వస్తామని చెప్పి రిపోర్టుల కాపీలు అడగండి. రాతపూర్వకంగా అడిగిన పేషెంట్‌కి 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లోనే ఉంది.